అరకులో ఏడాదంతా 'అల్పపీడనం' ఉందని రాయవచ్చా?

సందేహం: పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుందని మా అమ్మాయి పాఠంలో ఉంది. అలాగైతే అరకులో ఎప్పుడూ అల్పపీడనమే ఉండాలి. వార్తల్లో మాత్రం అది బంగాళాఖాతంలో ఏర్పడుతుంది. 'తక్కువ పీడనం', 'అల్పపీడనం' ఒకటి కావా?

సమాధానం: కావు. అరకులో ఉన్నది తక్కువ పీడనం, అల్పపీడనం కాదు. అల్పం అన్నా తక్కువ అన్నా అర్థం ఒకటే, నిజమే. కానీ సమాసంగా బిగుసుకున్న మాట ఒక్కోసారి పేరైపోతుంది. నల్లమందు అంటే అభిని. నల్లగా ఉన్న మందులన్నీ నల్లమందు కావు. అలాగే ఒకే మట్టంలో లెక్కించినప్పుడు చుట్టుపక్కలకంటే పీడనం తగ్గి ఉన్న ప్రాంతానికి అల్పపీడనం అని పేరు. అందుకే అది ఏర్పడుతుంది, కదులుతుంది, బలపడుతుంది. పీడనం ఇంకా పడిపోతుంటే 'బలపడింది' అంటారేమిటని ఒకరిద్దరు పాఠకులు లోగడ అడిగారు. బలపడేది పీడనం కాదు, దాని చుట్టూ తిరిగే గాలులు.

'ఒకే మట్టంలో' అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. సముద్రమట్టం వద్ద సగటు పీడనం 1013 హెక్టాపాస్కళ్లు (పాతవాళ్ల మిల్లీబారూ ఇదే). నేలకు దగ్గరలో ఎనిమిది మీటర్లు ఎక్కితే సుమారు ఒకటి తగ్గుతుంది. హైదరాబాదు ఎత్తు 540 మీటర్ల పైమాటే కాబట్టి, మబ్బు లేని మామూలు రోజున కూడా అక్కడి భారమితి 950 దగ్గర నిలుస్తుంది. 2014 అక్టోబరులో విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో అంచనా కట్టిన కనిష్ఠ పీడనమూ 950! అరకులో మామూలుగా ఉండేది 910 ప్రాంతం. 1999 ఒడిశా పెనుతుపాను కేంద్రంలో 912. ఈ అంకెల్ని ఉన్నవున్నట్టు పటంమీద వేస్తే దక్కను పీఠభూమి అంతా తుపానులాగే కనబడుతుంది. అందుకని హైదరాబాదు అంకెకు, ఆనాటి ఉష్ణోగ్రతనుబట్టి, అరవై దాకా కలిపి సముద్రమట్టానికి సరిచేస్తారు. వాతావరణ పటంలో చేరేది ఆ సరిచేసిన అంకె. పత్రికల్లో 'హైదరాబాదులో పీడనం 1010' అని రాసేవారు 'సముద్రమట్టానికి సరిచేసిన' అన్న రెండు మాటలు తప్పక చేర్చాలి. అవి లేకపోతే ఆ వాక్యం అబద్ధం.

మీ ఉత్తరంలో మరోచోట 'వాయు ఒత్తిడి' అని రాశారు. సంస్కృత పదానికి తెలుగు పదాన్ని అలా అతికిస్తే వైరిసమాసం. 'వాయుపీడనం' అనండి, లేదా హాయిగా 'గాలి ఒత్తిడి' అనండి. నాకు రెండోదే ఇష్టం. రక్తపోటు కూడా వైరిసమాసమే కదా అంటారేమో. అవును, కానీ అది ఇంటింటా స్థిరపడిపోయింది. దాన్నిక కదపనక్కర్లేదు.