కలకత్తా ప్రయాణం గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మా అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లలిద్దరినీ తీసుకుని మూడు రోజులు ఏదైనా పెద్ద ఊరు చూసి రావాలని, అయితే ఖర్చు చేయి దాటకూడదని నువ్వు ఫోనులో అన్నప్పటి నుంచి నేను ఆ విషయమే ఆలోచిస్తున్నాను. ఖరగ్‌పూర్ రైల్వేలో ఇరవై రెండేళ్లు ఉద్యోగం చేసి, సెలవు దొరికినప్పుడల్లా మీ పెద్దమ్మతోనూ పిల్లలతోనూ కలకత్తా వెళ్లి వచ్చినవాణ్ణి గనుక, విశాఖలో ఉన్న మీకు ఆ ఊరే తగినదని చెబుతున్నాను. సాయంత్రమో రాత్రో బండెక్కితే మర్నాడు పొద్దెక్కేసరికి చేరవచ్చు, ఊళ్లో తిరగడానికీ తినడానికీ పెద్దగా డబ్బు అక్కర్లేదు, తొమ్మిదో తరగతి పిల్లకూ ఏడో తరగతి పిల్లవాడికీ విసుగు రానంత విశేషం అక్కడ ఉంది.

ముందు తేదీల సంగతి తేల్చుకో. దసరా సెలవుల్లో వద్దు, ఎందుకంటే అదే సమయంలో అక్కడ దుర్గాపూజ జరుగుతుంది, గదుల అద్దెలు పెరుగుతాయి, రోడ్డు మీద అడుగు వేయడానికి చోటుండదు. సంక్రాంతి సెలవులు బాగుంటాయని నీకు అనిపించవచ్చు గానీ, మకర సంక్రాంతికి గంగాసాగర్ మేళాకు వెళ్లే యాత్రికులు చాలామంది కలకత్తా పెద్ద స్టేషనైన హౌరా మీదుగా కదులుతారు. నా మాట విని నవంబరు చివరి వారంలోనో డిసెంబరు మొదట్లోనో గురువారం బయలుదేరండి. శుక్ర, శని, ఆదివారాలు ఊళ్లో గడిపి ఆదివారం తిరుగు బండి ఎక్కితే రెండు రాత్రుల గది అద్దెతో మూడు రోజులు గడుస్తాయి, పిల్లలకు బడి పెద్దగా పోదు. సోమవారం మాత్రం కలుపుకోవద్దు. నేను ఒకసారి పిల్లలను వెంటబెట్టుకుని సోమవారం నాడు ఒక మ్యూజియం గేటు దాకా నడిపించి, తాళం చూసి ఎండలో వెనక్కి తెచ్చాను, ఆ పూట వాళ్ల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ రెండింటికీ సోమవారమే సెలవు.

టికెట్ల విషయంలో ఒక లెక్క చెప్పాలి. అయిదేళ్లు నిండి పన్నెండు నిండని పిల్లలకు, బెర్తు అక్కర్లేదంటేనే సగం ఛార్జీ. మనవడికి పన్నెండు నిండాయి గనుక నలుగురికీ పూర్తి టికెట్టే అవుతుంది, కాబట్టి ప్రయాణంలో పెద్ద ఖర్చు రైలుదేనని ముందే అనుకోండి. ఇప్పుడు రిజర్వేషను అరవై రోజుల ముందు, ఉదయం 8 గంటలకు తెరుచుకుంటుంది. వెళ్లే టికెట్టూ తిరుగు టికెట్టూ వేటికవి రిజర్వేషను తెరుచుకున్న రోజునే తీసుకుంటే స్లీపరులో నాలుగు బెర్తులు ఒకే చోట దొరికే అవకాశం ఉంటుంది, తత్కాల్ దాకా ఆగితే అదనంగా కట్టాల్సి వస్తుంది. చలికాలం కాబట్టి స్లీపరు చాలు, తలా ఒక దుప్పటి పెట్టుకోండి. మరొక ముఖ్యమైన విషయం ఏమిటంటే, కోరమండల్ లాంటి కొన్ని బళ్లు హౌరాకు పోక షాలిమార్ అనే వేరే స్టేషనులో ఆగిపోతాయి, అక్కడ మెట్రో లేదు గనుక టాక్సీకి డబ్బు అవుతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు హౌరా చేరే బండే చూసుకోండి.

హౌరాలో దిగగానే టాక్సీ వాళ్లు చుట్టుముడతారు, మీరు మాత్రం నేరుగా మెట్రో వైపు నడవండి. 2024 మార్చిలో మొదలైన ఆ మార్గం హుగ్లీ నది అడుగు నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న ఎస్ప్లనేడ్‌కు పోతుంది. కింద ఉన్న స్టేషనుకు ఎస్కలేటర్ల మీద దిగుతూ దిగుతూ ఉండటమే పిల్లలకు ఒక వింత, బండి నది కింద ఉండేది మాత్రం ముప్పావు నిమిషమే గనుక ఫోనులు జేబులో పెట్టి చూడమని చెప్పు. కలకత్తా మెట్రోలో కనీస ఛార్జీ 5 రూపాయలు, దేశంలో మొట్టమొదటి మెట్రో 1984లో నడిచింది కూడా ఆ ఎస్ప్లనేడ్ నుంచే.

గది దగ్గర పిసినారితనం చూపవద్దు. ఊరి చివర చవకగా దొరికిందని దిగితే ఆ మిగిలినదంతా ఆటోలకూ, అలసటకూ పోతుంది. ఇండియన్ మ్యూజియం పక్కనున్న సడర్ స్ట్రీట్, న్యూ మార్కెట్ ప్రాంతంలో సామాన్యుల లాడ్జీలు చాలా ఉన్నాయి, అక్కడి నుంచి మైదాన్ అనే పెద్ద పచ్చిక బయలుకూ మ్యూజియానికీ నడకే. బుక్ చేసే ముందు ఫోను చేసి, పిల్లల వయసులు చెప్పి, నలుగురికీ ఒకే గదిలో మంచాలు ఉంటాయా, అదనపు పరుపుకు ఎంత తీసుకుంటారు, పొద్దున్నే వస్తే సామాను పెట్టుకోనిస్తారా అని అడిగి తెలుసుకో.

ఇక రోజుల సంగతి. రోజుకు ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు చాలును. ఈ వయసు పిల్లలు చిన్నపిల్లల్లాగా ఏడవరు గానీ, అలిసిపోతే మౌనంగా ముడుచుకుపోతారు, అప్పుడు ఎంత ఖర్చు పెట్టినా దండగే. శుక్రవారం సాయంత్రం విక్టోరియా మెమోరియల్ తోటలో కూర్చోండి. శనివారం తెల్లవారుజామునే మాత్రం అందరినీ లేపి హౌరా వంతెన కింద మల్లిక్ ఘాట్ పూల బజారుకు తీసుకెళ్లు. బంతిపూల దండలను తాళ్ల చుట్టల్లాగా చుట్టి, తల మీద, భుజాల మీద మోసుకుంటూ మనుషులు ఎదురొస్తారు, ముఖాలు కూడా కనబడవు, పసుపూ నారింజా రంగుల గుట్ట ఒకటి నడిచి వస్తున్నట్టు ఉంటుంది. కింద నేల ఎప్పుడూ తడిగా, నలిగిన పూలతో జారుడుగా ఉంటుంది కాబట్టి చెప్పులకు పట్టీలు ఉండాలి. అక్కడి నుంచి 1943లో తెరిచిన ఆ వంతెన మీద నడిచి అవతలి ఒడ్డుకు పోయి, లాంచీలో తిరిగి రండి. లాంచీ టికెట్టు కొద్ది రూపాయలే. మావాడు పద్నాలుగో ఏట ఒక పూటంతా లాంచీలోనే తిరగాలని పట్టుబడితే మూడుసార్లు నది దాటించాను. ఆ మధ్యాహ్నం చూడాల్సిన మందిరం మానుకున్నాం, మానుకున్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

అందుకే నిన్ను గట్టిగా కోరేది ఏమిటంటే, ఒక్కో పూటను ఒక్కో పిల్లకు వదిలిపెట్టు. మనవరాలికి పుస్తకాల మీద ప్రాణం గనుక కాలేజ్ స్ట్రీట్ కోరుతుంది, అక్కడ పాత పుస్తకాల దుకాణాలు ఆదివారం చాలా వరకు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే పెట్టుకోవాలి. మనవడికి సైన్స్ సిటీయో, శిబ్‌పూర్ బొటానికల్ గార్డెనులోని మహా మర్రిచెట్టో నచ్చవచ్చు. 1925లోనే దాని అసలు మాను తెగులు పట్టి తీసివేయగా, ఊడల మీదే ఆ చెట్టు నిలబడి విస్తరిస్తోంది. వాళ్లు ఎంచుకున్న దానిని ఏ కారణం చేతనూ రద్దు చేయవద్దు. రోజు ఖర్చు డబ్బును పొద్దున్నే కవరులో పెట్టి మనవరాలి చేతికి ఇచ్చి, తిండీ టికెట్లూ తననే చూడమను, మనవణ్ణి చిన్న నోటుపుస్తకంలో లెక్క రాయమను. అది ఇది కొనమని అడిగే పిల్లలే, డబ్బు తమ చేతిలో ఉంటే ధర రెండుసార్లు అడుగుతారు.

భోజనానికి మధ్యాహ్నం అన్నం హోటళ్లకు వెళ్లండి. పైస్ హోటళ్లని పిలిచే పాతవాటిలో అరిటాకులో అన్నం, పప్పు, చేప విడివిడిగా లెక్క కడతారు గనుక కావలసినంతే తెప్పించుకోవచ్చు. ఆవనూనె వాసన మొదటి పూట కొత్తగా ఉంటుంది, కంగారు పడవద్దు. సాయంత్రాలు పరాఠాలో కూర పెట్టి చుట్టే కాఠీ రోల్, మట్టిపిడతలో మిష్టి దొయ్ అనే తీపి పెరుగు పిల్లలకు సరిపోతాయి.

టికెట్లు దొరకగానే బండి నంబరు తెలియజేయి. అది శ్రీకాకుళం రోడ్డులో ఆగేదైతే మీ పెద్దమ్మ పులిహోర, పెరుగన్నం కట్టి ఇస్తానంటోంది, ప్లాట్‌ఫారం మీద నీకు అందిస్తాను. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

మీ పెదనాన్న