బంతీ బదులూ: బెజవాడంత దేశం, మూడే గెలుపులు

(విజయవాడ ఏలూరు రోడ్డులో నలభై ఏళ్లుగా ఆట సామాన్ల కొట్టు నడుపుతున్న మా కాలమిస్టు ఈ నెల పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: సార్, ఇంటర్ సెకండియర్ చదువుతున్నాను. కాలేజీ ఫుట్‌బాల్ టీములో గోల్ కీపర్ని. పోయిన నెల టోర్నీలో మొదటి మ్యాచిలోనే 9-0తో ఓడిపోయాం. అప్పట్నుంచి క్లాసులో అందరూ నన్ను 'శాన్ మారినో' అని పిలుస్తున్నారు. ఫోన్లో వెతికితే అది ప్రపంచంలో ఆఖరి ర్యాంకు టీము అని వచ్చింది. అసలు వాళ్లెప్పుడైనా గెలిచారా? ఇన్నిసార్లు ఓడిపోతూ ఇంకా ఎందుకు ఆడుతున్నారు?
– ఓ కీపర్, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: బాబూ, నువ్వు తిన్నవి తొమ్మిది. 2006 సెప్టెంబర్ 6న శాన్ మారినో కీపర్ సొంత ఊళ్లో, సొంత జనం ముందు, జర్మనీ చేతిలో 13 తిన్నాడు. జర్మనీ ఆటగాడు పొడోల్‌స్కీ ఒక్కడే నాలుగు కొట్టాడు. కాబట్టి ఆ పేరుకి నీకింకా అర్హత రాలేదు.

గెలిచారు. 2024 చివరికి మూడుసార్లు. మూడూ ఒకే దేశం మీద, ఆస్ట్రియాకీ స్విట్జర్లాండ్‌కీ మధ్యనున్న లిక్టెన్‌స్టైన్ అనే ఇంకో బుల్లి దేశం మీద. ఆ కథ చెప్పే ముందు దేశం సైజు చెప్పాలి, లేకపోతే ఏదీ అర్థం కాదు.

ఇటలీ కడుపులో ఉంటుంది శాన్ మారినో. నాలుగు వైపులా ఇటలీయే. విస్తీర్ణం 61 చదరపు కిలోమీటర్లు. మన విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం కూడా 61 చిల్లరే! అంటే భవానీపురం నుంచి పటమట దాకా, కృష్ణ ఒడ్డు నుంచి సింగ్‌నగర్ దాకా ఒక దేశం అనుకో. కాకపోతే మనం 2011 లెక్కల్లోనే పది లక్షలు దాటాం, వాళ్లు మొత్తం కలిపి 34 వేల మంది. మంగళగిరి జనంలో సగం కూడా కాదు. అందులో ఆడవాళ్లనీ పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసేస్తే మిగిలేది కొద్ది వేల మంది. వాళ్లలోంచి పదకొండు మందిని ఏరి జర్మనీ మీదకి పంపాలి. పగలు ఉద్యోగమో వ్యాపారమో చేసుకుని, సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఫుట్‌బాల్ సంఘం 1931 నుంచీ ఉంది కానీ, ఫీఫా సభ్యత్వం వచ్చింది 1988లో. మాస్సిమో బోనీనీ అని ఒకాయన ఉండేవాడు. ఇటలీలో యువెంటస్ క్లబ్బుకి ఆడి 1985లో యూరోపియన్ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. అంతటి ఆటగాడికి సొంత దేశం తరఫున ఆడదామంటే జట్టే లేదు. అది తయారయ్యేసరికి ఆయన వయసు ముప్పై దాటింది. అయినా వచ్చి ఆడాడు. ఆ తర్వాత కొన్నాళ్లు కోచింగ్ కూడా ఇచ్చాడు.

మొదటి అసలు మ్యాచి 1990 నవంబర్ 14న, స్విట్జర్లాండ్‌తో. 4-0తో ఓటమి. 1993 మార్చి 10న టర్కీతో 0-0 డ్రా. ఆ వార్త పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు వేశారు. కొట్లో బేరాల్లేని మధ్యాహ్నం అది చదివి, పాత అకౌంటు పుస్తకం వెనక పేజీలో రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానంటే చెప్పలేను. కొందరు స్టాంపులు దాస్తారు. నేను వీళ్ల స్కోర్లు దాస్తాను. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. మేనల్లుడైతే 'మామయ్య టీము' అంటాడు.

ఆ పుస్తకం తిరగేస్తే మీ కాలేజీ టీము ఎంత గొప్పదో తెలుస్తుంది. 2008 యూరో కప్పు క్వాలిఫయర్లలో, అంటే అర్హత మ్యాచిల్లో, కొట్టినవి 2, తిన్నవి 57. 2012 యూరో క్వాలిఫయర్లలో కొట్టినవి సున్నా, తిన్నవి 53. 2014 వరల్డ్ కప్ క్వాలిఫయర్లలో ఒకటి కొట్టి 54 తిన్నారు. ఆ ఒక్కటీ పోలాండ్ మీద. ఆ మ్యాచి 5-1తో ఓడిపోయినా జనం పండగ చేసుకున్నారు.

నన్ను బాగా ఏడిపించింది మాత్రం ఈ పెద్ద ఓటములు కాదు. 2015 సెప్టెంబర్‌లో లిథువేనియా వెళ్లి ఆడారు. వితయోలీ ఫ్రీ కిక్కుతో గోల్ కొట్టాడు. పరాయి గడ్డ మీద 14 ఏళ్ల తర్వాత పడిన గోల్ అది. 90 నిమిషాలు అయ్యేసరికి 1-1. ఇంక విజిల్ ఊదడమే తరువాయి అన్నప్పుడు, అదనపు సమయంలో లిథువేనియా వాళ్లు కొట్టేశారు. 13 తిన్నా అంత బాధ ఉండదు బాబూ. కీపర్‌వి కదా, నీకు తెలుస్తుంది.

ఇక గెలుపులు. మొదటిది 2004 ఏప్రిల్ 28న. అది ఫ్రెండ్లీ మ్యాచి. ఐదో నిమిషంలో ఆండీ సెల్వా ఫ్రీ కిక్ కొట్టాడు, మిగతా 85 నిమిషాలూ కాపాడుకున్నారు. 1-0. ఆ తర్వాత 140 మ్యాచిలు గెలుపు లేదు. ఇరవై ఏళ్లు.

రెండోది 2024 సెప్టెంబర్ 5న. ఆ వారం విజయవాడలో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. ఒకటో తారీఖు ఆదివారం బుడమేరు మా సింగ్‌నగర్ మీద పడింది. మా ఇంట్లో కింది వాటా మొత్తం మునిగింది. ఆ వాటాలోనే నా గోడౌను. గాలి తీసి అట్టపెట్టెల్లో సర్దిన బంతులన్నీ బురదలో కలిశాయి. శాంపిలుకని గాలి కొట్టి ఉంచిన ఏడెనిమిది మాత్రం గది కప్పుకి తగులుతూ తేలుతున్నాయి. మూడో రోజున పడవలో బయటపడి గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లెలి ఇంటికి చేరాం. ఆరో తారీఖు పొద్దున్న, నేను బావ లుంగీ కట్టుకుని కాఫీ తాగుతూ సరుకు ఎంత పోయిందో లెక్కలేసుకుంటుంటే మేనల్లుడు ఫోను పట్టుకొచ్చి చూపించాడు. 'మామయ్యా, నీ టీము గెలిచిందట!' నమ్మలేదు. రెండుసార్లు చదివాను. మళ్లీ లిక్టెన్‌స్టైనే, మళ్లీ 1-0. గోల్ కొట్టింది నికో సెన్సోలీ అనే 19 ఏళ్ల కుర్రాడు. 2004లో వాళ్లు గెలిచినప్పుడు ఆ అబ్బాయి ఇంకా పుట్టనే లేదు. స్కోర్ల పుస్తకం ఏలూరు రోడ్డు కొట్లో ఉంది కాబట్టి బతికింది. పది రోజుల తర్వాత కొట్టు తీయగానే మొదట చేసిన పని ఆ గీత రాయడం.

మూడోది అదే ఏడాది నవంబర్ 18న, లిక్టెన్‌స్టైన్ రాజధాని వదూజ్‌లో. మొదట గోల్ తిన్నారు. రెండో సగంలో లాజరీ, నాన్నీ, గొలినుచ్చీ తలా ఒకటి కొట్టారు. 3-1. ఒక మ్యాచిలో మూడు గోల్స్ కొట్టడం, బయట దేశంలో గెలవడం, రెండూ వాళ్ల చరిత్రలో మొదటిసారి. అది నేషన్స్ లీగ్ మ్యాచి, దాని సంగతి కింద చెబుతాను. గ్రూపులో మొదటి స్థానం, పై లీగుకి ప్రమోషన్.

ఇప్పుడు నువ్వడగని అసలు ప్రశ్న. ఇరవై ఏళ్లు గెలవనివాళ్లు ఒక్క శరత్కాలంలో రెండుసార్లు ఎలా గెలిచారు? జట్టు కొంత బాగుపడిన మాట నిజమే. అంతకంటే ముఖ్యంగా, ఎవరితో ఆడాలన్న పద్ధతి మారింది. అంతకుముందు వాళ్లకి దొరికే పెద్ద మ్యాచిలన్నీ క్వాలిఫయర్లే. జర్మనీ, ఇంగ్లండ్, హాలెండ్. ఆరో క్లాసు పిల్లాణ్ణి డిగ్రీ వాళ్లతో కబడ్డీకి దింపినట్టు. 2018లో యూరప్ వాళ్లు నేషన్స్ లీగ్ పెట్టి, దేశాలని ర్యాంకుని బట్టి ఎ, బి, సి, డి అని విడగొట్టారు. డిలో శాన్ మారినోకి స్పెయిన్ కొసనున్న బుల్లి జిబ్రాల్టర్, లిక్టెన్‌స్టైన్ లాంటివాళ్లు ఎదురుపడ్డారు. మొదటిసారి ఆరు మ్యాచిలూ ఓడిపోయారు. 2020లో రెండు డ్రాలు. 2024లో గ్రూపు ఫస్టు. సమ ఉజ్జీలతో ఆడితే గానీ ఎక్కడున్నామో తెలియదు.

అలాగని పెద్దవాళ్లతో ఆడటం మానేయమంటే వాళ్లు ఒప్పుకోరు. 2016 నవంబర్‌లో జర్మనీ వచ్చి 8-0తో గెలిచి వెళ్లింది. ఇలాంటి మ్యాచిలకీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కీ సంబంధం లేదని జర్మనీ ఆటగాడు థామస్ ముల్లర్ విసుక్కున్నాడు. శాన్ మారినో తరఫున అలాన్ గాస్పెరోనీ అనే ఆయన పది కారణాలతో బహిరంగ లేఖ రాశాడు. అందులో ఒకటి: మా అంత బలహీనమైన జట్టు మీద కూడా నువ్వు గోల్ కొట్టలేవని ఈ మ్యాచి వల్లే కదా తెలిసింది! నిజమే, ఆ ఎనిమిదిలో ముల్లర్‌ది ఒక్కటీ లేదు. ముల్లర్ మాటలో సగం న్యాయం ఉందని నా అభిప్రాయం. కానీ ఆ లేఖ చదివిన రోజు నా ఓటు గాస్పెరోనీకే వేశాను.

నువ్వు చేయాల్సింది ఒకటే. మీ పీఈటీ సార్ని అడిగి, మీలాగే మొదటి రౌండులో ఓడిన కాలేజీలతో నెలకో రెండు మ్యాచిలు పెట్టించుకోండి. టోర్నీకి మాత్రం మళ్లీ వెళ్లండి. ఈసారి ఆరు తింటే మూడు తగ్గాయని రాసుకో. శాన్ మారినో కూడా వరసగా 61 ఓడిపోయాక, 2014 నవంబర్‌లో ఎస్టోనియాతో 0-0 పట్టుకుంది. ఇంకొకటి: 2025 అక్టోబర్‌లో ఆస్ట్రియా వాళ్లకి 10 వేసి పంపింది. ప్రమోషన్ వచ్చినంత మాత్రాన గోల్స్ ఆగవు.

ప్రశ్న: మగ్గం నేసుకుంటూ మీ శీర్షిక చదివించుకుని వింటాను. ఓ చిన్న దేశం ఇంగ్లండ్ మీద ఎనిమిది సెకన్లలో గోల్ కొట్టిందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా?
– మంగళగిరి నుంచి

జవాబు: నిజమేనండీ, అదీ శాన్ మారినోయే. 1993 నవంబర్ 17, ఇటలీలోని బొలోన్యా. అమెరికా వరల్డ్ కప్పుకి వెళ్లాలంటే ఇంగ్లండ్ ఏడు గోల్స్ తేడాతో గెలవాలి, అక్కడ పోలాండ్ చేతిలో హాలెండ్ ఓడిపోవాలి. ఆట మొదలైంది. స్టువర్ట్ పియర్స్ తన కీపర్‌కి వెనక్కి ఇచ్చిన బంతిలో బలం చాల్లేదు. దావిదే గ్వాల్టియేరి మధ్యలో దూరి లోపలికి తోసేశాడు. 8.3 సెకన్లు. మీరు నాడె ఇటు నుంచి అటు నాలుగైదుసార్లు విసిరేంత సేపు. ఆ గోల్‌కి సమాధానం చెప్పడానికి ఇంగ్లండ్‌కి ఇరవై నిమిషాలు పట్టింది. చివరికి 7-1తో గెలిచారు గానీ, అటు హాలెండ్ కూడా గెలవడంతో ఇంటికే పోయారు. గ్వాల్టియేరి తర్వాత కంప్యూటర్ల వ్యాపారం చేసుకున్నాడు. వరల్డ్ కప్ క్వాలిఫయర్లలో ఆ రికార్డు 23 ఏళ్లు నిలిచింది. 2016లో బెల్జియం ఆటగాడు బెంటెకే 8.1 సెకన్లలో కొట్టి దాన్ని లాగేసుకున్నాడు. ఎవరి మీదనుకున్నారు? జిబ్రాల్టర్ మీద. చిన్నవాళ్ల దగ్గరున్న ఒక్క రికార్డునీ ఇంకో చిన్నవాడి మీద కొట్టి తీసుకుపోయారు.

ప్రశ్న: అయ్యా, 34 వేల మంది దేశం గురించి మురిసిపోతున్నారు సరే. 140 కోట్ల మన దేశం వరల్డ్ కప్పు మొహం ఎందుకు చూడలేదు? సిగ్గుగా లేదా?
– రిటైర్డ్ ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారూ, సిగ్గు కంటే నాకు మతిమరుపు మీద కోపం ఎక్కువ. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్న రోజుల్లో భారత్ 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మా కొట్టుకి వచ్చే పదిమందిని అడిగితే తొమ్మిది మందికి ఆయన పేరు తెలియదు.

జనం లెక్కన ఆట రాదండీ. కరీబియన్ సముద్రంలో, హాలెండ్ రాజ్యంలో భాగమైన, లక్షన్నర మంది ఉన్న కురసావ్ దీవి 2025 నవంబర్‌లో జమైకాతో 0-0 డ్రా చేసుకుని 2026 వరల్డ్ కప్పుకి వెళ్లింది. ఇంతవరకూ అంత చిన్న దేశం ఏదీ వెళ్లలేదు. వాళ్లలో చాలామంది హాలెండ్ మైదానాల్లో ఆడి పెరిగినవాళ్లు. మన పిల్లలు పెరగడానికి సింగ్‌నగర్‌లో ఖాళీ జాగా ఎక్కడుందో మీరే చెప్పండి.

ప్రశ్న: వాటికన్‌కీ మొనాకోకీ జాతీయ జట్లు లేవా?
– ఓ పాఠకురాలు, తెనాలి రోడ్డు, గుంటూరు

జవాబు: జట్లున్నాయమ్మా, ఫీఫా సభ్యత్వాలు లేవు. టీవీలో కనిపించే మొనాకో ఒక క్లబ్బు, ఫ్రాన్స్ లీగులో ఆడుతుంది.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా బాబుకి తొమ్మిదేళ్లు. ఫుట్‌బాల్ కావాలని ఒకటే గోల. ఏ సైజు కొనాలి? పోయినసారి కొన్నది నెలకే గాలి దిగిపోయింది.
– ఓ తల్లి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: నాలుగో నంబరు తీసుకోండమ్మా. ఐదో నంబరు పన్నెండు దాటాక. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని ఇప్పుడే ఐదు కొంటారు చాలామంది, పాపం పిల్లాడి కాలు నొప్పి పుడుతుంది. గాలి దిగడానికి ముప్పాతిక మువ్వీసం కారణం సూది. పొడిగా గుచ్చితే లోపల వాల్వు చిరుగుతుంది. సూదిని నీళ్లలో ముంచి, నిదానంగా తిప్పుతూ దూర్చండి. పాతది పారేయొద్దు, ఈసారి బెజవాడ వచ్చినప్పుడు పట్టుకురండి, చూద్దాం.