టెక్ సందేహాలు: అటక మీది టీవీ గేమ్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించేదెలా?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పాత వీడియో గేముల రికార్డింగ్ గురించే. నాకు బాగా ఇష్టమైన విషయం. అందుకే మిగతావన్నీ వచ్చే వారానికి వాయిదా వేసి, ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఇల్లు సర్దుతుంటే అటక మీద చిన్నప్పటి టీవీ గేమ్ దొరికింది. రెండు రిమోట్లు, నాలుగు క్యాసెట్లు ఉన్నాయి. పని చేస్తోంది కూడా. సంక్రాంతికి అన్నయ్య వాళ్లు వస్తున్నారు. ఇద్దరం ఆడుతుంటే ఆ ఆట రికార్డ్ చేసి దాచుకోవాలని ఉంది. షాపులో అడిగితే పదిహేను వేల క్యాప్చర్ కార్డ్ (టీవీకి వెళ్లే బొమ్మని కంప్యూటర్‌లోకి ఎక్కించే పరికరం) కొనమన్నారు. అంత అవసరమా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అవసరం లేదండీ. అంత ఖరీదులో వచ్చే కార్డులు దాదాపుగా హెచ్‌డీఎంఐ, అంటే కొత్త టీవీలకి పెట్టే వైరు కోసం చేసినవి. మీ టీవీ గేమ్‌కి అసలు హెచ్‌డీఎంఐ లేదు. ఏదైనా కొనే ముందు ఆ డబ్బాని వెనక్కి తిప్పి, ఏయే రంధ్రాలున్నాయో చూడండి. ఏ పరికరం కొనాలో అక్కడే తేలిపోతుంది.

మన దగ్గర 90ల్లో అమ్మిన టీవీ గేముల్లో చాలావరకు నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కి నకళ్లు. వీటికి సాధారణంగా పసుపు, తెలుపు పిన్నులు ఉంటాయి. పసుపు బొమ్మకి, తెలుపు శబ్దానికి. దీన్నే కాంపోజిట్ అంటారు. దీనికి కావలసింది పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న యూఎస్‌బీ క్యాప్చర్ డాంగిల్ ఒక్కటే. ‘ఈజీక్యాప్’ అని వెతికితే బోలెడు కనిపిస్తాయి, మీ షాపువాళ్లు చెప్పిన దాంట్లో చిన్న వంతుకే వచ్చేస్తాయి. కాస్త ఎక్కువ పెట్టగలిగితే జపాన్ కంపెనీ ఐ-ఓ డేటా చేసే జీవీ-యూఎస్‌బీ2 మెరుగు. కాకపోతే అది విండోస్‌లోనే పని చేస్తుంది.

పసుపు పిన్ను లేకుండా యాంటెన్నా వైరు మాత్రమే ఉంటే? అప్పుడు పాత వీసీఆర్ కోసం వెతకండి. గేమ్ వైరుని వీసీఆర్ యాంటెన్నా రంధ్రంలో పెట్టి, ఛానల్ ట్యూన్ చేసి, వీసీఆర్ వెనక ఉన్న ‘ఏవీ అవుట్’ నుంచి పసుపు, తెలుపు పిన్నులు తీసుకోవచ్చు. ‘ఏవీ అవుట్’ ఉన్న పాత డబ్బా టీవీ అయినా ఈ పని చేసిపెడుతుంది.

ఇక అసలు సంగతి. ఇక్కడ పొరపాటు చేస్తే ఎంత ఖరీదైన కార్డు కొన్నా ఫలితం ఉండదు. డబ్బా టీవీ ఒక్కో బొమ్మని రెండు విడతలుగా గీసేది. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. పాత గేమ్ డబ్బాలు అలా కాదు. ఒకే వరస గీతల మీద ప్రతిసారీ కొత్త బొమ్మ పంపిస్తాయి. దీన్ని 240పి అంటారు. క్యాప్చర్ డాంగిల్‌కి ఈ తేడా తెలియదు. వెనకా ముందుగా వచ్చిన రెండు వేర్వేరు బొమ్మల్ని ఒకే బొమ్మలో సగాలనుకుని దువ్వెన పళ్లలా అల్లేస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ అల్లికని సరిచేస్తున్నామంటూ రెండింట్లో ఒకదాన్ని పారేస్తాయి.

దాని వల్ల ఏమవుతుందంటారా? మారియోకి శత్రువు తగిలినప్పుడు కాసేపు మిణుకు మిణుకుమంటాడు కదా. ఒక క్షణం చూపించి, మరుక్షణం తీసేయడం వల్ల వచ్చే మిణుకు అది. చూపించిన బొమ్మలన్నీ ఉండి, చూపించనివి పోయాయనుకోండి, మిణుకే లేకుండా నిలబడి ఉంటాడు. తీసేసిన బొమ్మలే మిగిలితే మనిషే మాయం. మొదటిసారి రికార్డ్ చేసుకున్నప్పుడు నాకు జరిగింది ఈ రెండోదే. టీవీ మీద చక్కగా ఆడిన ఆట వీడియోలో చూస్తే, దెబ్బ తగిలిన ప్రతిచోటా మారియో మాయం. క్యాసెట్ పాడైందనుకుని ఒక పూటంతా దాన్ని తుడుస్తూ కూర్చున్నాను.

దీనికి మందు ఉచితంగానే దొరుకుతుంది. ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో మీ డాంగిల్‌ని ‘వీడియో క్యాప్చర్ డివైస్’గా కలిపి, దాని మీద రైట్ క్లిక్ చేస్తే ‘డీఇంటర్‌లేసింగ్’ అని కనిపిస్తుంది. అందులో ‘రెట్రో’ ఎంచుకోండి. సరిగ్గా ఇలాంటి గేముల కోసమే పెట్టిన ఆప్షన్ అది. బొమ్మ పైకీ కిందకీ వణుకుతున్నట్టు ఉంటే, అక్కడే ఉన్న ‘టాప్ ఫీల్డ్ ఫస్ట్’, ‘బాటమ్ ఫీల్డ్ ఫస్ట్’ రెండింటినీ మార్చి చూడండి.

దాంతోపాటు ఇంకొన్ని సరిచూసుకోవాలి. మన దేశపు పాత టీవీల పద్ధతి పాల్, అంటే సెకనుకి 50 విడతలు. అందుకే డాంగిల్ సెట్టింగ్స్‌లో ‘వీడియో స్టాండర్డ్’ దగ్గర పాల్-బి పెట్టండి. బొమ్మ నలుపు తెలుపులో వచ్చినా, దొర్లుతున్నా మీ డబ్బా వేరే పద్ధతిదన్నమాట. అప్పుడు అమెరికా, జపాన్‌ల పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీకి మార్చండి. పాల్ అయితే రిజల్యూషన్ (బొమ్మ సైజు) 720x576 ఉంచండి. 640x480 పెడితే బొమ్మ కుదించే క్రమంలో ఆ బేసి, సరి గీతలు కలగలిసిపోతాయి, తర్వాత ‘రెట్రో’ కూడా కాపాడలేదు. ఓబీఎస్ వీడియో సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలో, 50 పెట్టండి. అలవాటు కొద్దీ 60 పెడితే ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒక ఫ్రేమ్ రెండుసార్లు పడుతుంది. తెర పక్కకి జరిగేటప్పుడు ఆ కుదుపు కళ్లకి తెలుస్తుంది. బొమ్మ వెడల్పు, ఎత్తు పాత టీవీ లాగే 4:3 లోనే ఉంచండి. కొత్త టీవీకి సరిపోవాలని సాగదీస్తే మారియో బొద్దుగా తయారవుతాడు.

శబ్దం ఒక చెవిలోనే వస్తుంది, కంగారు పడకండి. మీ గేమ్‌కి తెల్ల పిన్ను ఒక్కటే కదా. ఓబీఎస్‌లో ‘అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్’ తెరిచి ‘మోనో’ దగ్గర టిక్ పెడితే రెండు చెవుల్లోనూ వినిపిస్తుంది.

ఆడేటప్పుడు మాత్రం కంప్యూటర్ తెర చూసి ఆడకండి. డాంగిల్ గుండా వచ్చే బొమ్మ ఆలస్యంగా చేరుతుంది. దూకాల్సిన చోట దూకేలోపు గోతిలో పడిపోతారు. ఆట డబ్బా టీవీలో ఆడండి, రికార్డింగ్ పక్కన నడవనివ్వండి. టీవీకి ‘ఏవీ అవుట్’ ఉంటే అక్కడి నుంచి డాంగిల్‌కి వైరు లాగితే చాలు. అది లేక, ఒకటిని రెండు చేసే మామూలు పిన్ను వాడితే సిగ్నల్ రెండు వైపులా పంచుకుపోయి బొమ్మ మసకబారుతుంది. కరెంటుతో నడిచే ఏవీ స్ప్లిటర్ కొనుక్కోవడం మంచిది.

రంగుల అంచుల వెంట చీమలు పాకినట్టు కనిపిస్తే అది కాంపోజిట్ స్వభావమే. చిన్నప్పుడు మీరిద్దరూ చూసింది కూడా ఆ బొమ్మనే. అలాగే ఉండనివ్వండి. ఇంకొక్క మాట. ఫోన్‌ని ఒక మూల నిలబెట్టి మీ ఇద్దరి ముఖాలు కూడా తీసుకోండి. ఆట మళ్లీ ఎప్పుడైనా రికార్డ్ చేసుకోవచ్చు. మీ అన్నయ్య రిమోట్ లాక్కోవడం మళ్లీ దొరకదు.

ప్రశ్న: ప్లేస్టేషన్ 2 గేమ్స్ రికార్డ్ చేసి యూట్యూబ్‌లో పెట్టాలనుకుంటున్నా. బజార్లో రెండు రకాలున్నాయి: పసుపు పిన్ను నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా, పీఎస్2 వెనక నేరుగా పెట్టే హెచ్‌డీఎంఐ అడాప్టర్. ఏది మేలు? (వరంగల్ నుంచి)

జవాబు: రెండోది. మొదటిది కాంపోజిట్‌నే తీసుకుని సాగదీస్తుంది. మసక బొమ్మ హెచ్‌డీఎంఐలోకి వచ్చినా మసకగానే ఉంటుంది. రెండోది కాంపోనెంట్ సిగ్నల్ తీసుకుంటుంది. ఇందులో వెలుగు ఒక తీగలో, రంగులు వేరే తీగల్లో వస్తాయి కాబట్టి అక్షరాలు కూడా చదవగలిగేలా ఉంటాయి. ఒక జాగ్రత్త. అడాప్టర్ పెట్టే ముందే మామూలు ఏవీ కేబుల్‌తో టీవీకి కలిపి, పీఎస్2 ‘సిస్టమ్ కాన్ఫిగరేషన్’లో ‘కాంపోనెంట్ వీడియో అవుట్’ని ఆర్‌జీబీ నుంచి వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్‌కి మార్చండి. లేదంటే రంగులు తేడాగా వచ్చి, అడాప్టర్ పాడైందని వాపసు పంపేస్తారు.

ఆ తర్వాత హెచ్‌డీఎంఐ క్యాప్చర్ డాంగిల్ చవకది చాలు. డబ్బా మీద 1080పి అని పెద్ద అక్షరాలతో ఉంటుంది గానీ, యూఎస్‌బీ 2.0 రకాలు ఆ సైజులో సెకనుకి 30 ఫ్రేములే ఇస్తాయి. మీరు 720పి, 60 ఎంచుకోండి. ఆటకి కదలికే ప్రాణం. ఇలాంటి డాంగిల్స్‌లో కొన్ని స్టీరియో శబ్దాన్ని మోనోగా చూపిస్తాయి. కొన్న రోజే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కుడి, ఎడమ పరీక్షించండి.

అదే పీఎస్2లో ప్లేస్టేషన్ 1 డిస్కులు వేస్తే మాత్రం మళ్లీ పైన చెప్పిన 240పి తలనొప్పి వస్తుంది. చవక అడాప్టర్లు అక్కడ తడబడతాయి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాం. మా అబ్బాయికి గరాజ్ సేల్‌లో నింటెండో 64 దొరికింది. రెట్రోటింక్, ఓఎస్ఎస్‌సీ లాంటి అప్‌స్కేలర్ (పాత గేముల బొమ్మని కొత్త టీవీకి తగ్గట్టు పెంచే డబ్బా) లేకపోతే రికార్డింగ్ బాగోదని వాడు పట్టుబడుతున్నాడు. నిజమేనా?

జవాబు: సగం నిజం. రెట్రోటింక్ లాంటివి 240పిని 240పిగానే గుర్తించి, గీతల్ని శుభ్రంగా పెంచి, హెచ్‌డీఎంఐలో పంపిస్తాయి. ఆలస్యం దాదాపు ఉండదు కాబట్టి కొత్త టీవీలో ఆడుకుంటూనే రికార్డ్ చేసుకోవచ్చు. ఆ సౌకర్యానికే అంత ధర. కానీ నింటెండో 64 నుంచి మార్పులేవీ చేయకుండా వచ్చే మంచి సిగ్నల్ ఎస్-వీడియో, అంటే వెలుగు, రంగు వేర్వేరు తీగల్లో వచ్చేది. ఓఎస్ఎస్‌సీ మంచి పరికరమే గానీ, దానికి నేరుగా ఎస్-వీడియో పెట్టే వీలు లేదు. వాడు ఆ ఒక్కటే కొంటే మీ డబ్బు వృథా.

ముందు ఒక ఎస్-వీడియో కేబుల్, ఎస్-వీడియో తీసుకునే డాంగిల్ కొనివ్వండి. నింటెండోదే పాత డబ్బా ఎస్ఎన్ఈఎస్‌కి అమ్మే ఎస్-వీడియో కేబులే దీనికీ సరిపోతుంది. ఒక నెల వాడాక కూడా ఉత్సాహం తగ్గకపోతే, ఎస్-వీడియో ఉన్న రెట్రోటింక్ మోడల్ చూడండి. అక్కడ మీది ఎన్‌టీఎస్‌సీ. కాబట్టి రాజమహేంద్రవరం జవాబులో 50 అన్న చోట 60 అని, 720x576 అన్న చోట 720x480 అని చదువుకోండి.

ప్రశ్న: పీఎస్3ని క్యాప్చర్ కార్డ్‌కి పెడితే నల్ల తెరే వస్తోంది. కార్డు పోయిందా?

జవాబు: పోలేదు. పీఎస్3 తన హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ వేస్తుంది, దాన్ని ఆపే సెట్టింగ్ లేదు. పీఎస్4లో ఉంది. పీఎస్3కి కాంపోనెంట్ కేబుల్ వాడండి, కాంపోనెంట్ తీసుకునే కార్డు అయితే బొమ్మ వచ్చేస్తుంది.

ప్రశ్న: రికార్డింగ్‌లో ఆట శబ్దం కింద గుయ్యిమని ఒకటే మోత. డాంగిల్ మార్చాను, కేబుల్ మార్చాను, పోలేదు. పైగా శబ్దం బొమ్మకంటే ముందే వచ్చేస్తోంది.

జవాబు: లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఒక్క నిమిషం రికార్డ్ చేసి చూడండి. మోత ఆగిపోతే తప్పు ఎర్తింగ్‌లో ఉంది, డాంగిల్‌లో కాదు. గేమ్, టీవీ, లాప్‌టాప్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. అప్పటికీ పోకపోతే బ్యాటరీ మీదే రికార్డింగ్ కానిచ్చేయండి. మా ఇంట్లో నేను అలాగే చేస్తాను. డాంగిల్ శబ్దం బాగోలేదని తెలుపు, ఎరుపు పిన్నుల్ని లాప్‌టాప్ మైక్ రంధ్రంలోకి మాత్రం మార్చకండి. అది చాలా లాప్‌టాప్‌లలో మోనో, పైగా మైకు కోసం పెట్టింది కాబట్టి శబ్దం పగిలిపోతుంది.

ముందు వచ్చే శబ్దానికి ఇలా చేయండి. పాత్ర దూకే చోట వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ, దూకిన శబ్దం వినిపించాక కాళ్లు నేల విడవడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. 50 ఫ్రేముల రికార్డింగ్‌లో ఒక్కో ఫ్రేమ్ 20 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేముల తేడా ఉంటే ఓబీఎస్ ‘అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్’లోని ‘సింక్ ఆఫ్‌సెట్’లో 80 వేసి, అదే దూకే చోటు మళ్లీ రికార్డ్ చేసి చూసుకోండి.