పాల్ డెలారోష్ బొమ్మల్లో ఒక్కటే చూడాలంటే ఏది?

పనిమీద లండన్ వస్తున్నాను, ఫ్రెంచ్ చిత్రకారుడు డెలారోష్ బొమ్మ ఒక్కటి చూడాలంటే ఏది చూడాలి, ఆయనది ఉత్త డ్రామా అంటారు నిజమేనా అని అడిగారు. నేను ఇక్కడే ఉంటాను కాబట్టి చెబుతున్నాను. నేషనల్ గ్యాలరీలో ఉన్న ‘లేడీ జేన్ గ్రే మరణశిక్ష’ చూడండి. 1833లో వేశారు. వెడల్పు దాదాపు మూడు మీటర్లు. టికెట్ అక్కర్లేదు.

మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆవిడకి ఇంగ్లండ్ చరిత్ర తెలియదు. కాసేపు చూసి, "కళ్లకి గంతలు కట్టిన ఆ పిల్ల చేత్తో దేనికోసం తడుముతోందిరా?" అంది. తల పెట్టాల్సిన మొద్దు కోసం అని చెప్పగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డెలారోష్ గొప్పతనమంతా అక్కడే ఉంది. గొడ్డలి వేటు చూపించడు. దానికి ముందు క్షణం దగ్గర ఆపేస్తాడు. మొద్దు కింద గడ్డి పరిచి ఉంటుంది, నెత్తురు పీల్చుకోవడానికి. ఒక్కో పోచా విడిగా కనిపిస్తుంది. తలారి కూడా కొంచెం ఇబ్బందిగానే నిలబడి ఉంటాడు.

డ్రామా ఉన్న మాట నిజమే. తొమ్మిది రోజులు ఇంగ్లండ్ రాణిగా ఉన్న జేన్‌కి 1554 ఫిబ్రవరి 12న లండన్ టవర్ ఆవరణలో, ఆరుబయట శిక్ష అమలు చేశారు. అప్పటికి ఆమెకి పదహారో పదిహేడో ఏళ్లు. డెలారోష్ ఆ ఘట్టాన్ని చీకటి గదిలోకి మార్చి, ఆమెకి తెల్ల బట్టలు వేశాడు. వెలుగంతా ఆ పిల్ల మీదే పడాలని అలా చేశాడు. నాకైతే అది తప్పనిపించదు. చరిత్ర తెలియకపోయినా మా అమ్మకి ఆ పిల్ల భయం అర్థమైంది కదా!

ఈ బొమ్మ మనకి దక్కడమే అదృష్టం. 1928 థేమ్స్ వరదల్లో టేట్ గ్యాలరీలో నాశనమైపోయిందనే అనుకున్నారు. 1973లో వేరే బొమ్మ కోసం వెతుకుతుంటే చుట్టగా చుట్టి దొరికింది.

ఇంకో రోజు కుదిరితే లివర్‌పూల్‌లోని వాకర్ ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. ఆల్ప్స్ కొండలు దాటుతున్న నెపోలియన్‌ని డావిడ్ అనే మరో ఫ్రెంచ్ చిత్రకారుడు ఎగిరే గుర్రం మీద చూపిస్తే, డెలారోష్ కంచరగాడిద మీద, చలికి ముడుచుకున్న మనిషిలా వేశాడు. డ్రామా తప్ప ఇంకేం తెలియదనేవాళ్లు ఆ బొమ్మ చూసి ఉండరు. లండన్‌లోని యూస్టన్ స్టేషన్ నుంచి రైల్లో రెండున్నర గంటల లోపే చేరుకోవచ్చు.