నోటీసు పంపే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

ఖమ్మంలో మన పేరు మీద టీ షాపు నడిపే ఫ్రాంచైజీ అతను మన టీ పక్కన మొక్కజొన్న గారెలు అమ్ముతున్నాడని నిన్న ఫోన్లో మండిపడ్డావు. నోటీసు పంపకు. ముందు వెళ్లి ఆ గారెలు తిను.

కంపెనీ నా చేతిలో ఉన్నప్పుడు నేనూ ఇదే తప్పు చేశాను. బస్టాండు ఎదురు షాపులో ఒకతను మన మెనూలో లేని బెల్లం టీ పెట్టాడు. సాయంత్రమయ్యేసరికి జనం రోడ్డు దాకా నిలబడేవారు. నేనేమో అగ్రిమెంటు తీసి జరిమానా వేశాను. అగ్రిమెంటు గడువు ముగిసిన రాత్రే మన బోర్డు దించేశాడు. తెల్లారేసరికి కొత్త బోర్డు, అదే కుర్రాళ్లు, అదే గిరాకీ. అతని అమ్మకంలో మనకొచ్చే వాటా, రాయల్టీ పోయింది, బెల్లం టీ కూడా పోయింది.

మెక్‌డొనాల్డ్స్ వాళ్లకీ ఇదే తగవు వచ్చింది. 1962లో అమెరికాలోని సిన్సినాటిలో, వాళ్ల ఫ్రాంచైజీ యజమాని లూ గ్రోయెన్ షాపున్న పేటలో క్యాథలిక్కులు ఎక్కువ. అప్పట్లో వాళ్లు శుక్రవారం మాంసం ముట్టేవారు కాదు, గల్లా ఖాళీ. ఆయన చేప శాండ్‌విచ్ చేశాడు. అధిపతి రే క్రాక్‌కి అది నచ్చలేదు, పైనాపిల్ ముక్క పెట్టిన బన్ను పోటీకి దించాడు. ఒకే రోజు రెండూ అమ్మి చూస్తే చేపే గెలిచింది. క్రాక్ ఒప్పుకున్నాడు చూడు, నాకు నచ్చింది అది. వాళ్ల బిగ్ మ్యాక్ బర్గర్ కూడా 1967లో ఒక ఫ్రాంచైజీ యజమాని తయారుచేసిందే.

అలాగని అన్నీ వదిలేయమనడం లేదు. టీ పొడి, పాలు, శుభ్రం, వీటిలో బేరం లేదు. అతను మన దగ్గర కొన్న పొడికీ, బిల్లు మెషీన్లో పడ్డ కప్పులకీ పొంతన లేకపోతే బయటి పొడి కలుపుతున్నట్టే. ఆ రోజే అడుగు. గారెలకు మాత్రం మూడు నెలలు ట్రయల్ ఇవ్వు, కాగితం మీద రాసి.

అసలు గొడవ గారెలది కాదనుకుంటా. మన రాయల్టీ అమ్మకం మీద. అతనికి మిగిలేది అద్దె, జీతాలు, గ్యాస్ పోగా. మొన్న నువ్వు పెట్టిన 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' ఆఫర్‌తో కప్పులు పెరిగాయి, మనకు బాగుంది. ఉచిత కప్పుల్లో పాలు ఎవరివి? అతనివే. ఆ నష్టం పూడ్చుకోడానికే బాణలి పెట్టి ఉంటాడు.

సాయంత్రం ఐదింటికి చేరేలా వెళ్లు. గల్లా పక్కన ఓ గంట కూర్చుని, ఆ ఆఫర్ రోజుల లెక్క అతని నోటే చెప్పించుకో.