క్యోటోలో ఎక్కడ దిగాలి?

ప్రశ్న: ఏప్రిల్ మొదటి వారంలో అత్తమ్మ, మేమిద్దరం, పాప కలిసి జపాన్‌లోని క్యోటోలో నాలుగు రాత్రులు ఉంటాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. గుళ్ల దగ్గర పాతకాలపు చెక్క ఇల్లు తీసుకోవాలా, స్టేషన్ వైపు హోటలా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: చెక్క ఇల్లు వద్దండి. మాచియా అనే ఆ ఇళ్లలో పడకగది చాలాసార్లు మేడ మీదే ఉంటుంది, మెట్లు బాగా నిటారు. పడక కూడా చాప మీద పరిచిన పరుపే. పొద్దున్నే నేల మీంచి లేవడం అత్తమ్మకు కష్టం.

కియోమిజు గుడి చుట్టుపక్కల చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అంతా ఎత్తు, రాతి మెట్లు. గుడి దాకా సబ్‌వే రాదు. చెర్రీ పూల రోజుల్లో సిటీ బస్సులు మేడారం జాతర బస్సుల లెక్క కిక్కిరిసిపోతాయి, సూట్‌కేసులతో ఎక్కలేరు. గుడికి పొద్దున్నే టాక్సీలో వెళ్లి రండి.

బసకు మా సలహా కరసుమ సబ్‌వే లైను మీద గోజో, షిజో స్టేషన్ల మధ్య. క్యోటో స్టేషన్ నుంచి గోజో మొదటి స్టాపు, షిజో రెండోది. నేల చదును, నిషికి మార్కెట్ నడిచి వెళ్లేంత దూరం. నారా, ఒసాకా వంటి ఊళ్లకు రోజూ వెళ్లి వచ్చే ఆలోచన ఉంటే మాత్రం క్యోటో స్టేషన్ పక్కనే దిగండి. నారా ముప్పావు గంట, ఫుషిమి ఇనారి గుడి జేఆర్ (జపాన్ రైల్వేస్) రైల్లో రెండో స్టాపు, కాన్సాయ్ విమానాశ్రయం నుంచి హరుకా రైలు కూడా అక్కడికే వస్తుంది.

బుక్ చేసేముందు గది వైశాల్యం చూడండి. 13 చదరపు మీటర్ల గదిలో రెండు పెద్ద పెట్టెలు తెరిచే చోటుండదు. ‘సెమీ డబుల్’ మంచం వెడల్పు 120 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది, ఇద్దరు పెద్దలకు చాలదు. ‘ట్విన్’ (రెండు విడి మంచాలుండే) గదులు రెండు తీసుకుని, పక్కపక్కన ఇవ్వమని ముందే రాయండి. బస పన్ను మనిషికి, రాత్రికి లెక్క. 2026 మార్చి నుంచి పెరిగింది: మనిషికి 6,000–19,999 యెన్ల గదికి 400 యెన్లు.

ప్రశ్న: క్యోటోలో ఒక్క రాత్రి ర్యోకాన్‌లో, అంటే జపాన్ సంప్రదాయ సత్రంలో, ఉందామనుకుంటున్నాం. శాకాహారులం. తిండి సంగతేంటి?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ‘మాంసం తినం’ అంటే సరిపోదు. సూపుల్లోనూ, ఉడికించిన కూరల్లోనూ ఎండు చేపతో తీసిన దాషి నీళ్లు పోస్తారు. ‘చేప దాషి కూడా వద్దు, కొంబు నాచుతో చేయండి’ అని బుకింగ్‌లోనే రాసి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకోండి. ఆ దాషి ముందే కాచి ఉంచుతారు గనుక వెళ్లాక అడిగితే లాభం లేదు. కుదరదంటే భోజనం లేని ధరకు గది తీసుకోండి. క్యోటో పడమటి వైపున్న అరషియామాలోని టెన్ర్యూజీ గుడి ఆవరణలో మధ్యాహ్నం షోజిన్ ర్యోరి దొరుకుతుంది. అది బౌద్ధ సన్యాసుల శాకాహారం.