కోడ్ సందేహాలు: వేల వార్నింగుల్లో ముందు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న: మా పైథాన్ ప్రాజెక్టు ఆరేళ్ల నాటిది. కోడ్‌లో తప్పులు చూపే రఫ్ లింటర్‌లో రూల్స్ అన్నీ ఆన్ చేస్తే నాలుగు వేలకు పైగా వార్నింగులు వచ్చాయి. టీమ్‌లో అందరూ విసిగిపోయి, తీసేద్దామంటున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తీసేయకండి. అన్నీ ఒకేసారి ఆన్ చేయడమే పొరపాటు. డాక్‌స్ట్రింగ్ (ఫంక్షన్ గురించి రాసే వివరణ) లేదు, లైను పొడవైంది లాంటి వాటి గుంపులో కొంప ముంచేవి కలిసిపోతాయి. ముందు రఫ్ చెక్‌ను స్టాటిస్టిక్స్ ఆప్షన్‌తో నడిపితే ఏ రూల్‌కి ఎన్ని వచ్చాయో తెలుస్తుంది. తర్వాత సెలెక్ట్ జాబితాలో ఎఫ్ వర్గం (నిర్వచించని పేర్లు, వాడని ఇంపోర్టుల్లాంటివి పట్టే రూల్స్), ఇ722, బి006, ఎస్113 మాత్రమే ఉంచండి.

వీటిలో బాగా మోసం చేసేది బి006 పట్టే అలవాటు. ఫంక్షన్ పారామీటరుకు డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు రాస్తాం. ఆ లిస్టు డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే తయారవుతుంది, పిలిచిన ప్రతిసారీ కాదు. బుట్టలో సరుకు చేర్చే ఫంక్షన్ అనుకోండి. లిస్టు ఇవ్వకుండా ‘పాలు’తో పిలిస్తే పాలే వస్తాయి. మళ్లీ ‘బియ్యం’తో పిలిస్తే పాలు, బియ్యం రెండూ వస్తాయి! సర్వర్‌లో అయితే ఒకరి సరుకు ఇంకొకరి బుట్టలో కనిపిస్తుంది. టెస్టులో ఒక్కసారే పిలిచి చూస్తాం కాబట్టి దొరకదు. డిఫాల్ట్‌గా నన్ (None) పెట్టి, ఫంక్షన్ మొదట్లో ‘నన్ అయితే కొత్త లిస్టు’ అని రాయండి. రఫ్ దీన్ని తనే మార్చగలదు గానీ, ఆ మార్పును అన్‌సేఫ్ అని గుర్తు పెడుతుంది. ఎవరైనా ఆ లిస్టును కావాలనే క్యాష్‌గా వాడుకుని ఉండొచ్చు. అందుకని ఒక్కొక్కటీ చదివి మార్చండి.

ఇ722 పట్టేది, ఏ ఎర్రరో చెప్పకుండా రాసిన ఎక్సెప్ట్‌ని. అది కంట్రోల్-సీ నొక్కినప్పుడు వచ్చే కీబోర్డ్ ఇంటరప్ట్‌ని కూడా మింగేస్తుంది, లూప్‌లో ఉంటే ప్రోగ్రామ్ ఆపినా ఆగదు. చాలామంది దాని పక్కన ఎక్సెప్షన్ అని చేర్చి వార్నింగ్ పోయిందనుకుంటారు. కానీ డిక్షనరీ కీ పేరు తప్పుగా రాసినా అది అలాగే మరుగున పడిపోతుంది. ఆ దొడ్డిదారి మూసేందుకు, అలా అన్ని ఎర్రర్లనూ కలిపి పట్టే ఎక్సెప్ట్‌ని చూపే బిఎల్ఈ001 కూడా చేర్చండి.

టైమవుట్ (వేచి ఉండే గడువు) లేని పిలుపును పట్టే ఎస్113 సంగతి చిన్నదే. వెబ్ సర్వర్లతో మాట్లాడే రిక్వెస్ట్స్ లైబ్రరీకి డిఫాల్ట్ టైమవుట్ లేదు, అవతలి సర్వర్ పలక్కపోతే మీ ప్రాసెస్ ఎంతసేపైనా వేచి ఉంటుంది. కనెక్షన్‌కి 3, జవాబుకి 10 సెకన్లు ఇచ్చి మొదలుపెట్టండి. ఆ 10 మొత్తం సమయం కాదు, డేటా రాకుండా మధ్యలో గడిచే విరామానికి హద్దు.

వెంటనే సరిదిద్దలేని పాత లైన్లకు యాడ్-నోక్వా ఆప్షన్ ఒకేసారి మినహాయింపు కామెంట్లు పెడుతుంది. ఆ మార్పును విడిగా కమిట్ చేయండి. అక్కడి నుంచి సీఐలో (ప్రతి మార్పునూ తనంతట తానే పరీక్షించే వ్యవస్థ) కొత్త తప్పు వస్తే బిల్డ్ ఆగాలి. పనిలేని మినహాయింపులను ఆర్‌యూఎఫ్100 చూపిస్తుంది.

ప్రశ్న: సీ కంపైలర్‌కి ఇండెంటేషన్‌తో పని లేదు కదా, దానికి వార్నింగ్ ఎందుకు? - ఇంజనీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: కంపైలర్‌కి పని లేదు, రివ్యూ చేసే మనిషికి ఉంది. 2014 ఫిబ్రవరిలో యాపిల్ తన సురక్షిత కనెక్షన్ (ఎస్‌ఎస్‌ఎల్) కోడ్‌లో సరిదిద్దిన ‘గోటు ఫెయిల్’ లోపం చూడండి. బ్రేసెస్ లేని ఇఫ్ కింద ‘గోటు ఫెయిల్’ అనే లైను రెండుసార్లు పడింది. రెండోది కూడా లోపలికి జరిగి ఉండటంతో ఇఫ్‌లో భాగమేనని కన్ను నమ్మింది. నిజానికి అది ప్రతిసారీ నడిచింది. ఎర్రర్ విలువ సున్నాగా ఉండగానే చివరికి దూకేసింది, సర్వర్ సంతకాన్ని సరిచూసే పని జరగకుండానే ‘సరే’ అని తిరిగొచ్చింది.

జీసీసీ అనే సీ కంపైలర్‌లో 6వ వెర్షన్ నుంచి, సాధారణ వార్నింగులు ఆన్ చేసే డబ్ల్యూ-ఆల్ ఆప్షన్‌లోనే మిస్‌లీడింగ్ ఇండెంటేషన్ వార్నింగ్ ఉంది, ఇలాంటి లైనును అది పట్టుకుంటుంది. ఎప్పటికీ నడవని కోడ్‌ను పట్టే అన్‌రీచబుల్ కోడ్ వార్నింగ్ మాత్రం వేరే. క్లాంగ్ అనే మరో కంపైలర్‌లో అది డబ్ల్యూ-ఆల్‌తో రాదు, విడిగా అడగాలి. జీసీసీలో ఆ పేరుతో ఆప్షన్ ఇస్తే ఎర్రర్ రాదు, పనీ జరగదు. కాబట్టి జీసీసీతో బిల్డ్ చేసినా, క్లాంగ్‌తో కూడా ఒకసారి కంపైల్ చేసి చూసుకోండి.